వెయ్యి ఎనభై గ్రాములు

తాండూరులో ఒక ప్రైవేటు బడిలో ఆరో తరగతికి లెక్కలు చెబుతాను. పద్నాలుగేళ్లుగా అదే బడి, అదే తరగతి. కొలతల పాఠం ఏటా వానలు తగ్గే రోజుల్లో వస్తుంది. మా పిల్లలకు పెద్ద కొలతలంటే భయం లేదు. వాళ్ల ఇళ్లల్లో కందుల మాట వస్తే క్వింటాళ్లలోనే మాట్లాడుకుంటారు. బండల లారీ ఎన్ని టన్నులు మోస్తుందో చిన్న పిల్లలు కూడా చెబుతారు. తడబడేదంతా చిన్న కొలతను పెద్ద కొలతలోకి మార్చేటప్పుడే. ఒక కిలో ఎనభై గ్రాములను కిలోల్లో రాయమంటే తరగతిలో సగంమంది 1.80 అని రాస్తారు.

"చుక్క తర్వాత గ్రాములకు మూడిండ్లుంటయి. ఎనభైకి రెండే నిండుతయి. ముందున్న ఇంట్ల సున్నా కూసోవాలె," అని బోర్డు మీద మూడు గళ్లు గీసి చూపిస్తాను. ఒకటి పాయింట్ సున్నా ఎనిమిది సున్నా. ఆ సున్నా మరిచిపోయిన పుస్తకాల్లో ఎర్ర పెన్నుతో గుండ్రంగా చుట్టి వెనక్కి ఇస్తాను. ఎన్ని వందల పుస్తకాల్లో చుట్టానో గుర్తులేదు.

ఆ తప్పు నేనే చేశాను. పుస్తకంలో కాదు.

మాది ధారూర్ దగ్గర పల్లె. నాన్న మా చిన్నతనంలోనే పోయాడు. అమ్మ కూలికి పోయి నన్నూ మా చెల్లెనూ పెంచింది. నేను చర్చివాళ్ల హాస్టల్లో ఉండి చదువుకున్నాను. చెల్లె ఏడో తరగతితో ఆగిపోయింది. ఇద్దరం చదివితే ఇల్లు గడవదని అమ్మ ఒక్కమాట అన్నది, అంతే. మర్నాటి నుంచి చెల్లె కొంగు నడుముకు చుట్టుకుని అమ్మ వెంట పత్తి ఏరడానికి పోయింది. దానికి చదువు రాక కాదు, లెక్కలు నాకంటే చురుగ్గా చేసేది. ఆ సంగతి మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ ఎత్తలేదు. నేను టీచర్నయ్యాక మాత్రం ఏ కాగితం వచ్చినా నా దగ్గరికే వచ్చేది. కరెంటు వాళ్లదైనా, బ్యాంకుదైనా, మందుల చీటీ అయినా సరే, "అక్కను అడుగుదాం" అనేవాళ్లు.

అమ్మకు అక్షరం ముక్క రాదు. కానీ ఆమె చేతులకు తూకం తెలుసు. ఏరిన పత్తి మూట ఒక్కసారి ఎత్తి దించి, "పద్దెనిమిది కిలోలు, మీద జరంత" అనేది. ఆసామి కాంటాకు తగిలిస్తే పద్దెనిమిదింబావు చూపించేది. చుట్టుపక్కల ఆడవాళ్లు ఇంట్లో పుట్టిన మేకపిల్లను కూడా అమ్మ చేతికిచ్చి ఎంతుందని అడిగేవాళ్లు. చిన్నప్పుడు నాకది గొప్పగా ఉండేది. చదువుకున్న తర్వాత కొంచెం నవ్వులాటగా తోచేది.

పెళ్లయిన ఆరేళ్లకు చెల్లెకు కడుపొచ్చింది. ఏడో నెలలో ఒకరోజు తెల్లవారుజామున నొప్పులు మొదలైతే ఊరి దగ్గరి సర్కారు దవాఖానకు తీసుకుపోయారు. పొద్దెక్కకముందే కాన్పయింది. నాకు ఫోన్ వచ్చేసరికి మొదటి పీరియడ్ నడుస్తున్నది. చాక్‌పీస్ చేతిలోనే పట్టుకుని వరండాలోకి వచ్చాను. చేసింది మరిది, చెల్లె భర్త. ట్రాక్టర్ నడిపే మనిషి. రెండో తరగతి దాకా చదివి మానేశాడు. అతనిది మీటల ఫోను, ఫొటో తీసి పంపే వీలు లేదు.

"వదినా, పాప పుట్టింది. నెలలు నిండలే కద, మస్తు చిన్నగుంది. ఈడ ఉంచుకోం అంటున్నరు, పెద్ద దవాఖానకు తీస్కపొమ్మంటున్నరు. అంబులెన్సు ఇంకో కేసు మీద పోయిందట. మా దోస్తు కారు దొరికింది. యాడికి పోవాలె?"

"చెల్లె ఎట్లుంది?"

"మంచిగనే ఉంది. దాన్ని ఈడనే ఉంచుతరట. పాపను పట్టుకొని అత్త, నేను వస్తం."

"పాప బరువెంత?"

"కాగితం మీద రాసిచ్చిండ్రు. ఒకటి, సున్నా, ఎనిమిది, సున్నా. ఎనక ఏదో ఇంగ్లీషు అక్షరం ఉంది."

గ్రాములన్నమాట. వెయ్యి ఎనభై గ్రాములు. అరచేతి మీదనే చాక్‌పీస్‌తో రాసుకున్నాను. ఒక కిలో, ఎనభై. తర్వాత దాని కింద 1.80 అని రాశాను. ఎందుకు రాశానో ఈ రోజుకూ చెప్పలేను. లోపల పిల్లలు అరుస్తున్నారు. చెల్లె ముఖం కళ్ల ముందు మెదులుతున్నది. చేతికి ఏది అలవాటో చెయ్యి అది రాస్తుందని అనుకునేదాన్ని. కానీ నా చేతికి అలవాటైంది ఆ తప్పును దిద్దడం, చెయ్యడం కాదు.

మా బడిలో చదివే ఒక పిల్ల తల్లి తాండూరులోనే చిన్న పిల్లల దవాఖానలో నర్సు. ఆమెకు ఫోన్ చేశాను.

"కిలోలల్ల ఎంత మేడం?" అని అడిగింది.

"ఒకటి పాయింట్ ఎనిమిది."

"అట్లయితే ఫికర్ లేదు, తీస్కరాండ్రి. మా దగ్గర పసిపిల్లలను ఎచ్చగ ఉంచే పెట్టె ఉంది, ఉంచుకుంటం. కిలోన్నర కన్న తక్కువుంటేనే మాతోటి కాదు. అట్లాంటోళ్లను సీదా హైదరాబాద్ పొమ్మంటం."

నాకు ప్రాణం లేచి వచ్చింది. వెంటనే మరిదికి చేసి చెప్పాను. "పాప కిలో ఎనిమిది వందలుందట. తాండూరు తీస్కరాండ్రి. ఈడ మాట్లాడిన."

అతను ఆ మాట పక్కనున్న అమ్మకు చెప్పడం నాకు వినిపించింది. తర్వాత అమ్మ గొంతు కూడా వినిపించింది.

"కిలో ఎనిమిది వందలెక్కడిది? కిలోకు జరంత మీదుంటదేమో. నా చేతులనే ఉంది కద."

మరిది ఫోన్లోకి వచ్చాడు. "అత్త గంత లేదంటుంది వదినా."

"కాగితం మీద ఉన్నదే చెప్తున్న. అమ్మకేం తెలుసు? జల్ది బయలెల్లుండ్రి."

ఈ మాటలన్నీ ఉన్నవి ఉన్నట్టు గుర్తున్నాయి. అమ్మకేం తెలుసు అన్న మాట మరీ.

ధారూర్ నుంచి హైదరాబాద్‌కు పోవాలంటే వికారాబాద్ మీదుగా తూర్పుకు పోవాలి. తాండూరు పడమర. నేను వాళ్లను వెనక్కి పిలిచాను.

బడిలో చెప్పి దవాఖాన దగ్గరికి పోయి నిలబడ్డాను. గంటలో రావలసిన కారు రెండు గంటలైనా రాలేదు. మలుపులో బండల లారీ ఒకటి అడ్డం తిరిగి దారి మూసుకుపోయిందట. మధ్యాహ్నం ఎండలో కారు వచ్చి ఆగింది. అమ్మ జాకెట్ హుక్కులు విప్పి, పాపను రొమ్ముకు ఆనించుకుని, పైన పాత చీర చుట్టి పట్టుకున్నది. సర్కారు దవాఖాన నర్సు అట్లనే పట్టుకొమ్మని చెప్పిందట. పాప ముఖం నా పిడికిలంత ఉన్నది. పెదవులు నీలంగా ఉన్నాయి. చూసీ చూడగానే నాకు తెలిసిపోయింది. కిలో ఎనిమిది వందల పాప ఎట్లుంటుందో నాకు తెలియదు గానీ, ఇది మాత్రం కాదని తెలిసిపోయింది.

నర్సు పాపను తూకం మీద పెట్టింది. ఎర్ర అంకెలు కాసేపు అటూ ఇటూ ఊగి నిలిచాయి.

"కిలో అరవై గ్రాములే ఉంది," అన్నది.

మరిది ముందుకు వచ్చాడు. "గదేంది? వదిన కిలో ఎనిమిది వందలన్నది. తొవ్వలనే గంత తగ్గిందా?"

నర్సు అతని చేతిలోని కాగితం తీసుకుని చూసింది. తర్వాత నా వైపు చూసి, నా ఒక్కదానికే వినబడేటట్టు, "మేడం, ఇండ్ల వెయ్యి ఎనభై అనే ఉంది కద," అన్నది. తల ఊపాను. ఆ తల ఊపుకు అర్థమేమిటో నాకే తెలియదు. ఆమె ఇంకేమీ అనలేదు. మంచి మనిషి. తర్వాత కూడా ఎవరితోనూ అనలేదు. అని ఉంటే బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకున్నాను.

డాక్టరు వచ్చి చూశాడు. "ఊపిరితిత్తులు ఇంకా తయారు కాలేదమ్మా. దీనికి కావలసిన మిషన్ మా దగ్గర లేదు. మీరు ధారూర్ నుంచి అటే పోవలసింది. ఇటు ఎందుకొచ్చారు?" అన్నాడు. అడిగింది మరిదిని. మరిది నా వైపు చూశాడు. అది తప్పు పట్టే చూపు కాదు. వదిన చూసుకుంటుంది, ఆమెకు తెలుసు అన్న చూపు.

ఆక్సిజన్ పెట్టి అంబులెన్స్ మాట్లాడి పంపేసరికి ఇంకో గంట పోయింది. నేనూ ఎక్కాను. పొద్దున వాళ్లు వచ్చిన దారినే మళ్లీ పోయాం. మా ఊరి మలుపు వచ్చినప్పుడు అమ్మ అద్దంలోంచి బయటికి చూసి, "మనూరు," అన్నది. చెల్లె అక్కడికి కొంచెం దూరంలోనే మంచం మీద పడుకుని ఉన్నది. మేము దానికి చెప్పకుండానే దాటిపోయాం. వికారాబాద్ దాటేటప్పుడు పాప రెండుసార్లు ఊపిరి బిగపట్టింది. అంబులెన్సులోని మనిషి అరికాలి మీద వేలితో కొడితే మళ్లీ తీసుకుంది.

హైదరాబాద్‌లో పాప మూడు రోజులు ఉన్నది. అద్దం ఇవతలి నుంచే చూడనిచ్చేవాళ్లు. మందులన్నీ మిల్లీగ్రాముల్లోనే రాసేవాళ్లు. గ్రాములో వెయ్యో వంతు, అందులో మళ్లీ పావు, సగం. ఒక డాక్టరమ్మ నా ముందే లెక్క కట్టింది. కట్టినదాన్ని పక్కనున్న ఆమెకిచ్చి మళ్లీ కట్టించింది. రెండూ కలిసిన తర్వాతనే మందు సిరంజిలోకి ఎక్కించారు. నేను గోడకు ఆనుకుని చూస్తూ నిలబడ్డాను. రెండోసారి చూడాలని నాకు ఎందుకు తట్టలేదని మళ్లీ మళ్లీ అనుకున్నాను.

మూడో రోజు పొద్దున ఆ డాక్టరమ్మే బయటికి వచ్చి చెప్పింది. నేను ఒక్కటే అడిగాను. "ముందే తెస్తే బతుకుతుండెనా?"

"కొన్ని గంటల ముందొస్తే ఏమైనా అయ్యేదేమో. చెప్పలేమమ్మా. అంత చిన్న పిల్లలకు ఏమీ చెప్పలేం," అన్నది.

బతికేది అని ఉంటే ఒక రకం, బతకదు అని ఉంటే ఇంకో రకం. చెప్పలేం అన్న మాటను ఎక్కడా దించుకోలేకపోయాను.

ఊళ్లో పాతిపెట్టి వచ్చిన రోజు చెల్లె అత్తగారింట్లో అందరూ కూర్చున్నారు. మరిది వాళ్ల అక్కకు జరిగింది చెబుతున్నాడు. "ఎక్కేటప్పుడు కిలో ఎనిమిది వందలుంది. దిగేసరికి కిలో అరవై. గట్ల కరిగిపోయింది." ఆమె మెల్లగా, కానీ అందరికీ వినబడేటట్టు, "పసిపిల్లకు సలి తగిలితే అంతే. ముసలామె గుడ్డ సక్కగ చుట్టిందో లేదో," అన్నది.

అమ్మ మూలకు కూర్చుని ఉన్నది. తలెత్తలేదు. "ఒకపారి గుంతల కారు ఎగిరినప్పుడు తల మీది గుడ్డ జారింది," అన్నది. "నేను చూసుకోలే. కొంచెం దూరం పోయినంక చూసిన."

నేను అక్కడే ఉన్నాను, అమ్మ పక్కనే. నోరు తెరిస్తే ఒక్క వాక్యం చాలు. బరువు తగ్గలేదు, నేను తప్పు చెప్పాను, పుట్టినప్పుడే ఇంచుమించు అంతే ఉన్నది, అమ్మ చేతులు చెప్పిందే నిజం. చెల్లె గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నది, పాలు చేపి దాని జాకెట్ తడిసి ఉన్నది. ఇప్పుడు కాదు అనుకున్నాను. మర్నాడు కూడా ఇప్పుడు కాదు అనుకున్నాను. అట్లా ఏడాది పోయింది.

ఆ ఏడాదిలో అమ్మ చెల్లె ఇంటికి పోవడం మానేసింది. పత్తి ఏరడానికి పోతే మూట ఎత్తి ఎంతుందో చెప్పమని ఎవరైనా అడిగితే, "నా చేతులకు అంచనా పోయింది," అనేది. చెల్లె అమ్మను ఏమీ అనలేదు, కానీ ఫోన్ చేసేది కాదు. నేను ఇద్దరితోనూ మాట్లాడేదాన్ని. ఇటు మాట అటు చేరవేసేదాన్ని. వాళ్లిద్దరికీ నేనే ఆసరాగా ఉన్నానని ఊళ్లో అనుకున్నారు. కొలతల పాఠం మళ్లీ వచ్చినప్పుడు పిల్లలనే చదువుకొమ్మని చెప్పి కిటికీ దగ్గర నిలబడ్డాను.

చివరికి ఒక ఆదివారం పోయి చెల్లెకు చెప్పాను. ఇంట్లో అదొక్కతే ఉన్నది. కందులు చెరుగుతున్నది. నేను చెబుతుంటే చేట ఆగింది. లేచి లోపలికి పోయి పెట్టెలోంచి ఆ కాగితం తెచ్చింది. దాచుకున్నదని నాకు తెలియదు. వేలితో ఒక్కొక్క అంకె మీద ఆపుతూ చూసింది.

"వెయ్యి ఎనభై. కిలో ఎనభై గ్రాములు," అన్నది. ఏడో తరగతి చదువుతోనే, అంత సులువుగా.

"అవును."

"నువ్వు కిలో ఎనిమిది వందలు అన్నవు."

"అవును."

"సీదా పోతే బతుకుతుండెనా?"

"చెప్పలేమన్నరు."

కాగితం మళ్లీ అదే మడతల మీద మడిచింది. "అమ్మకు చెప్పినవా?"

"లేదు."

"ఏడాది నుంచి అమ్మను తిట్టుకుంటున్న మనసుల. ఆమె ముఖం చూస్తలేను." గొంతు పెంచలేదు. "పొయ్యి చెప్పు. ఇగ నువ్వు ఈడికి రాకు అక్కా. నేను రమ్మనేదాక రాకు."

రమ్మనలేదు. ఇది జరిగి మూడేళ్లు.

ఆ సాయంత్రమే అమ్మ దగ్గరికి పోయాను. చెబితే విన్నది. అంతా విని, "నువ్వు సదువుకున్నదానివి. నీకు తప్పెట్ల పోతది?" అన్నది.

"పోయింది అమ్మా. సున్నా మరిచిపోయిన."

"సున్నకు ఏం బరువుంటది బిడ్డా?"

ఇంట్లో ఉన్న కందులు పళ్లెంలో పోసి చూపించాను. కిరాణా కొట్టు నుంచి కిలో రాయి, వంద గ్రాముల రాళ్లు అడిగి తెచ్చాను. ఒక చేతిలో ఎంత, ఇంకో చేతిలో ఎంత అని పెట్టబోయాను. "నువ్వు ఎత్తి చూడు. నీ చేతులు సరిగ్గనే చెప్పినయి," అన్నాను. అమ్మ చేతులు వెనక్కి తీసుకుంది. ముట్టుకోలేదు.

"నాకు ఎరికే," అన్నది. "నన్ను ఊకోబెట్టనీకి నా తప్పు నీ మీదేసుకుంటున్నవు. మా బిడ్డ మనసు నాకు తెల్వదా?"

పిల్లలకు మూడు గళ్లు గీసి చూపిస్తే అర్థమవుతుంది. అమ్మకు అర్థం కాకపోవడం చదువు లేక కాదు. తాను కూలి చేసి చదివించిన బిడ్డ అంకె తప్పు చదువుతుందన్నది ఆమె ఒప్పుకోదు. అది ఒప్పుకుంటే చెల్లె బడి మానింది ఎందుకో కూడా అడగాల్సి వస్తుంది. అమ్మ అంతదూరం ఆలోచించిందని కాదు. నేను ఆలోచించాను.

తర్వాత ఎన్నిసార్లు చెప్పానో. మరిదికి కూడా చెప్పాను. అతను తల దించుకుని విని, "అయిపోయినదాన్ని తవ్వుడెందుకు వదినా," అని లేచిపోయాడు. చెల్లె అతనికి ముందే చెప్పిందో, లేక నన్ను కాపాడాలనుకున్నాడో తెలియలేదు.

మొన్న వేసవిలో మా ఊరి చర్చిలో ఆడవాళ్ల ప్రార్థన జరిగింది. ఎవరి భారం వాళ్లు లేచి చెప్పుకునే వేళ అమ్మ లేచింది. "నా మనుమరాలిని నా చేతులార పోగొట్టుకున్న. గుడ్డ జారింది, చూసుకోలే," అన్నది. ఏడవలేదు. చెప్పి కూర్చుంది.

నేను లేచాను. "అమ్మది తప్పు కాదు," అన్నాను. "నేను బరువు తప్పు చెప్పిన. తప్పు దవాఖానకు పిలిచిన. పొద్దున్నే హైదరాబాద్ పోవలసిన పాపను మధ్యాహ్నం దాక తిప్పిన. ఇది నా వల్ల అయింది."

పాస్టరు భార్య వచ్చి నా రెండు చేతులు పట్టుకుంది. తల్లి భారం మోసే బిడ్డలు ఈ రోజుల్లో ఎక్కడున్నారు అన్నది. ముందు వరసలో ఒకరిద్దరు కొంగుతో కళ్లు తుడుచుకున్నారు. ఎవరూ నమ్మలేదు. చెల్లె ఆ రోజు రాలేదు. వచ్చి ఉంటే ఆ ఒక్కతే నిజమని చెప్పేది. చెప్పేదో లేదో.

ప్రార్థన అయ్యాక బస్సు కోసం రోడ్డు మీదికి నడిచాం. ఎండ ఇంకా తగ్గలేదు. అమ్మ నా మోచెయ్యి పట్టుకుని నడుస్తున్నది. ఈ మధ్య ఆమెకు చూపు సరిగ్గా ఆనడం లేదు. కొంతదూరం పోయాక ఆగింది.

"ఇంట్ల చెప్తే చెప్పినవు గని," అన్నది మెల్లగా, "దేవుని ముంగల అబద్ధం ఆడొద్దు బిడ్డా."